పెట్టె బాబాయ్ ఇంట్లో ఏసీ

పెట్టె బాబాయ్‌ని ఎవరైనా "రండి, కూర్చోండి" అని లోపలికి పిలిచి ఏళ్లు గడిచిపోయాయి. మనిషి చెడ్డవాడని కాదు. భూతద్దం పెట్టి వెతికినా ఆయన మీద చెప్పడానికి చాడీ ఒక్కటి దొరకదు. ఎటొచ్చీ ఆయన పని అలాంటిది. ఏ ఇంట్లోనైనా మనిషి పోతే, దూరం నుంచి రావలసినవాళ్లు వచ్చేదాకా ఆ పోయినవాళ్లని ఉంచడానికి అద్దం మూత ఉన్న ఫ్రీజర్ పెట్టె అద్దెకిస్తాడు. ఫోను రాగానే పెట్టెని వ్యానులో ఎక్కించుకుని వెళ్తాడు, దింపుతాడు, చల్లబడేదాకా చూస్తాడు, తిరిగొచ్చి వ్యానులో కూర్చుంటాడు. ఇందులో తప్పేముంది చెప్పండి? ఏమీ లేదు. అయినా ఆయన వీధి మలుపు తిరిగితే చాలు, గుమ్మాల్లో నిలబడ్డవాళ్ల గుండెల్లో రాయి పడేది. "ఎవరింటికి బాబాయ్?" అని అడిగేవాళ్లు మొహాలు మాడ్చుకుని. "ఎవరింటికీ కాదర్రా, సబ్బుబిళ్ల కొనుక్కుందామని వచ్చాను" అని సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చేది పాపం.

ఒకసారి చుట్టాల్లో ఒక పెద్దాయన కాలు విరిగి ఆసుపత్రిలో ఉంటే పళ్లు పట్టుకుని చూడ్డానికి వెళ్లాడు. మంచం మీదున్న పెద్దాయన ఈయన్ని చూడగానే, "ఒరేయ్, నాకు విరిగింది కాలేరా! కాలే!" అని ఆసుపత్రి ఎగిరిపోయేలా కేకలు పెట్టాడు. పళ్లు నర్సు చేతిలో పెట్టి వెనక్కి తిరిగొచ్చాడు బాబాయ్. ఆ సంగతి విని భార్య కడుపు చెక్కలయ్యేలా నవ్వింది. "నవ్వకే" అంటూ ఆయన కూడా నవ్వాడు. ఆ ఇంట్లో ఆమె నవ్విందంటే ఆయన నవ్వినట్టే.

ఆవిడని అందరూ పిన్ని అనేవాళ్లు. నిజం చెప్పాలంటే ఆ వ్యాపారం నడిచింది పిన్ని గొంతు మీదే. ఫోను ఎత్తేది ఆవిడ. అవతలివాళ్లు చిరునామా చెప్పలేక వెక్కుతుంటే, "ఏడవండమ్మా, పరవాలేదు, నేను ఫోను పెట్టెయ్యనులే" అనేది. వాళ్లు తేరుకున్నాక మెల్లిగా, "మెట్లు ఇరుకా తల్లీ? లిఫ్టు ఉందా?" అని అడిగేది. పెట్టె వెళ్లాల్సిన చోటికి వెళ్లి, తిరిగొచ్చి, అంతా అయిపోయిన నెలలకి కూడా కొందరు ఊరికే ఫోను చేసేవాళ్లు. పెట్టె కోసం కాదు, పిన్నితో రెండు మాటలు మాట్లాడదామని. అన్నం ముందు కూర్చుని కూడా మాట్లాడేది ఆవిడ. "నీకు కొలువు దొరికిందే" అని ఏడిపించేవాడు బాబాయ్.

వాళ్లది రెండు గదుల అద్దె ఇల్లు. ముందు గది, వెనక పడక గది, దాని పక్కన చిన్న వంటిల్లు. ఇంటి పక్కన రేకుల షెడ్డులో పెట్టె ఉండేది, తెల్లటి గుడ్డ కప్పుకుని. పెట్టె అంటే బాబాయ్‌కి భయం లేదు. రోజూ తుడుస్తాడు, చక్రాలకి నూనె రాస్తాడు. ఆయనకి పడనిది దాని చప్పుడు. కంప్రెసర్ ముందు గుర్రుమంటుంది, తర్వాత సన్నగా మోగుతూ ఉంటుంది, ఉన్నట్టుండి టక్కున ఆగిపోతుంది. ఆగినప్పుడే ఆయనకి ప్రాణం జిల్లుమనేది. అప్పటిదాకా ఆ మోతలో కలిసిపోయిన చావింటివాళ్ల ఏడుపు ఒక్కసారిగా చెవిన పడేది మరి. ఇన్నేళ్ల పనిలో అన్నీ అలవాటయ్యాయిగానీ ఆ ఆగడం మాత్రం అలవాటు కాలేదు. ఇంట్లోకి ఫ్రిజ్జు కొన్నప్పుడే ఏడాది నసపెట్టాడు. చివరికి దాన్ని వంటింటి బయట పంచలో పెట్టించి, మధ్య తలుపు వేసుకుంటేగానీ అన్నం తినేవాడు కాదు. పిన్ని పాలగిన్నె కోసం పదిసార్లు ఆ తలుపు తీసి వేసి, తీసి వేసి, "మీతో నా తలప్రాణం తోకకొస్తోందండీ" అని గొణుక్కునేది.

అలాంటి ఇంటికి ఏసీ అవసరం పడింది.

పిన్నికి గుండె బలహీనపడింది. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. డాక్టరమ్మ కాగితాలన్నీ తిరగేసి, "మందులు ఒక ఎత్తు, గది చల్లగా ఉంచడం ఒక ఎత్తు. ఈవిడ వేడి తట్టుకోలేదు. ఎండలు ముదరకముందే ఏసీ పెట్టించండి" అని తేల్చి చెప్పింది. తిరిగొచ్చేటప్పుడు పిన్ని హుషారుగానే ఉంది. "ఏసీ అట! చూశారా, జబ్బు చేస్తేగానీ మహారాణి భోగం పట్టలేదు నాకు" అంది. బాబాయ్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ఆ తర్వాత మొదలయ్యాయి సాకులు. వైరింగు పాతదన్నాడు. ఇంటాయన గోడకి కన్నం పెట్టనివ్వడన్నాడు. ఇంటాయన స్వయంగా గుమ్మంలో నిలబడి, "పెట్టుకోవయ్యా బాబూ, గోడ నాది, గుండె ఆవిడది" అంటే నీళ్లు నమిలాడు. ఏసీ గాలికి కీళ్లు పట్టేస్తాయని ఎవరో చెప్పారన్నాడు. ఎవరు చెప్పారంటే చెప్పలేడు. పోనీ పీనాసితనమా అంటే అదీ కాదు, ఆవిడ కోసమంటే చొక్కా అమ్మైనా తెచ్చే మనిషి. కిటికీలకి తడి దుప్పట్లు కట్టాడు. కూలరు తెచ్చి పెట్టాడు, అది గదంతా చెమ్మ చేసి ఊరుకుంది. మధ్యాహ్నాలు పిన్ని వెనక గుమ్మం దగ్గర గోడకి వీపు ఆనించుకుని, నోరు తెరిచి గాలి పీల్చుకుంటూ కూర్చునేది. ఆయన విసనకర్ర పట్టుకుని పక్కన. విసిరీ విసిరీ చెయ్యి మారుస్తూ, ఆవిడ వద్దన్నా వినేవాడు కాదు.

"నిజం చెప్పండి. ఆ చప్పుడే కదూ?" అందావిడ ఒకరోజు.

విసనకర్ర ఆగింది. "నీకెవరు చెప్పారే?"

"ఇన్నేళ్లు కాపురం చేసి ఆ మాత్రం కనిపెట్టలేనా?" అని నవ్వింది. "పోనీలెండి. ఎండలు ఎంతకాలం ఉంటాయి, అవే పోతాయి."

ఇదిగో, ఇక్కడే చిక్కంతా. ఆవిడ గిన్నెలు విసిరికొట్టి ఉంటే, దూరాన ఉన్న కూతురికి ఫోను చేసి ఏడ్చి ఉంటే, ఆయన మర్నాడే ఏసీ తెచ్చేవాడు. ఆవిడకి అలా సాధించడం చేతకాదు. ఊరందరి ఏడుపులూ విని ఓదార్చే మనిషి, తన సంగతి వచ్చేసరికి పోనీలెండి అంది. ఆ ఎండాకాలమంతా ఏసీ లేకుండానే ఈడ్చుకొచ్చింది. ఎండలు పోయాయి నిజమే. పోతూ పోతూ ఆవిడలో సగం ఓపిక పట్టుకుపోయాయి.

మళ్లీ ఎండలు మొదలైన వారంలోనే, గిన్నెలు కడుగుతూ కడుగుతూ సింకు ముందు కూలిపోయింది. బాబాయ్ పరుగున వచ్చి ఒడిలోకి తీసుకుని నీళ్లు చల్లాడు. కళ్లు తెరిచింది. "ఏమీ లేదు, కళ్లు తిరిగాయంతే" అంది. ఆయన ఎదురింటావిడని పిలిచి దగ్గర కూర్చోబెట్టి, తొడుక్కున్న బట్టలతోనే వెళ్లి ఏసీ కొనేశాడు.

బిగించడానికి వచ్చిన మెకానిక్కి నోరు మూతపడదు. నిచ్చెన వేస్తూ కబుర్లు, డ్రిల్లు తిప్పుతూ కబుర్లు. రాగి పైపులు వంచుతూ, "బయటి యూనిట్ ఎక్కడ పెట్టమంటారు బాబాయ్?" అన్నాడు. కంప్రెసర్ ఉండేది అందులోనే.

"ఎంత దూరం పెట్టగలవు?"

"అంటే? వీధి చివర పెట్టమంటారా?"

"పైపు సరిపోతే పెట్టు."

మెకానిక్ పగలబడి నవ్వాడు, పెద్దాయన హాస్యమాడుతున్నాడనుకుని. బాబాయ్ మొహం చూశాక నవ్వు మింగి, "మేడ మీద పెట్టొచ్చుగానీ, పైపు పొడుగైతే చల్లదనం కాస్త తగ్గుతుంది. మీ ఇష్టం" అన్నాడు. బాబాయ్ మేడవైపు చూశాడు. ఈలోగా గదిలోంచి పిన్ని గొంతు వినబడింది. "చల్లదనం తగ్గిస్తే ఒప్పుకోను. వెనక గోడకే బిగించు నాయనా, ఆయన మాట వినకు." వెనక గోడ అంటే ఆవిడ మంచం తలవైపు గోడే. అక్కడే ఇనుప స్టాండు కొట్టి బిగించాడు.

రిమోటు నొక్కగానే ముందు కాసేపు వట్టి గాలి, ఆ తర్వాత మెల్లిగా చలి దిగింది. పిన్ని మంచం మీద కళ్లు మూసుకుని, మెడ మీద కొంగు తొలగించి, ఆ గాలికి మొహం ఎత్తింది. ఎన్నాళ్లకో నుదుటి మీద చెమట ఆరింది. ఒక కన్ను తెరిచి మొగుడివైపు చూసింది. "ఎన్ని ఇళ్లకి మోసుకెళ్లారండీ ఈ చల్లదనం! బతికున్న మనిషికి ఇవ్వడం ఇదే మొదలు కదూ?"

మెకానిక్కి అర్థం కాలేదు. బాబాయ్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సామాను సర్దాలని వంక పెట్టి బయటికి వెళ్లిపోయాడు.

ఏసీ వచ్చాక పిన్ని తెరిపిన పడిందనే చెప్పాలి. కంటి నిండా నిద్రపోయింది. అన్నం నాలుగు ముద్దలు ఎక్కువ తింది. దుప్పటి మెడదాకా కప్పుకుని, ఫోను చెవికి ఆనించుకుని, "ఏడవండమ్మా, పరవాలేదు" అని మళ్లీ తన కొలువు మొదలుపెట్టింది. ఎదురింటావిడ మధ్యాహ్నం కాగానే కుట్టుపని చంకన పెట్టుకుని వచ్చేసేది. "నీ కోసం కాదు వదినా, నీ ఏసీ కోసం" అని చెప్పి మరీ కూర్చునేది. ఇద్దరూ ఎవరి కోడలు ఏమందో చెప్పుకుని తెగ నవ్వేవాళ్లు. ముందు గదిలో కూర్చున్న బాబాయ్ ఆ నవ్వులు వింటూ తనలో తాను మురిసిపోయేవాడు.

ముందు గదిలోనే. లోపలికి మాత్రం వెళ్లలేకపోయాడు.

మొదటిరోజు మధ్యాహ్నం పక్కన పడుకున్నాడు కూడా. కంప్రెసర్ ఆగింది. ఆయన చప్పున లేచి కూర్చుని ఆవిడ ముక్కు దగ్గర వేలు పెట్టాడు. ఆవిడ కళ్లు తెరిచి, "ఇంకా ఉన్నాను మహానుభావా" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. మళ్లీ ఆగింది, మళ్లీ వేలు పెట్టాడు. ఈసారి ఆవిడ ఉలిక్కిపడి లేచి ఆయాసపడింది. అలా ఆవిడ నిద్ర చెడుతోందని చాప చుట్టుకుని ముందు గదిలోకి మారిపోయాడు.

పిన్ని అడిగింది ఒక్కటే. "పగలు కాసేపైనా వచ్చి కూర్చోండి. ఇంత చల్లటి గది, ఒక్కదాన్నే ఏం చేసుకోను?" వచ్చేవాడు. వచ్చి గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడేవాడు. "అలా నిలబడకండీ, పనిమీద వచ్చినట్టుంది" అని విసుక్కునేది. అప్పుడు మంచం అంచున కూర్చునేవాడు. మందులకో, ఏసీకో, ఆవిడ చేతులు ఎప్పుడూ మంచుముక్కల్లా ఉండేవి. ఆ చేతులు తన అరచేతుల్లో పెట్టుకుని రుద్దేవాడు. "అబ్బ, ఎంత వెచ్చగా ఉందో. తియ్యకండి" అనేది. వెనక గోడ అవతల కంప్రెసర్ టక్కున ఆగేది. ఆయన చెయ్యి వదిలేసి లేచేవాడు. "పాలు పొంగుతున్నాయేమో" అనో, "వ్యాను నీడలో పెట్టొస్తా" అనో గొణిగి, "రేపు తీరిగ్గా కూర్చుంటాలే" అనేవాడు. రోజూ ఇదే మాట. ఆవిడకి కోపం రాలేదని కాదు, వచ్చింది. ఒకరోజు దుప్పటి ముసుగుపెట్టి అటు తిరిగి పడుకుంది. ఆరోజు కూడా ఆయన గుమ్మంలో నిలబడి ఆ వీపుకేసి చూసి వెనక్కి వెళ్లాడేగానీ పక్కన కూర్చోలేకపోయాడు.

ఆ మధ్యాహ్నం ఎండ నిప్పులు చెరుగుతోంది. ఎదురింటావిడ రాలేదు, వాళ్లింటికి ఎవరో చుట్టాలొచ్చారు. అన్నాలు తిన్నాక పిన్ని, "ఇవాళైనా కూర్చుంటారా?" అంది.

"పెట్టె చక్రం ఊడొస్తోందే. అది బిగించి వచ్చేస్తా."

"చక్రం ఎక్కడికీ పోదు."

"ఇదిగో, వచ్చేశాననుకో."

ఆవిడ ఫోను ఆయన చేతికిచ్చి, "మోగితే మీరే చూసుకోండి, కాసేపు కునుకు తీస్తా" అని కళ్లు మూసుకుంది. ఆయన తలుపు దగ్గరికి వేసి వెళ్లాడు. చక్రం బిగించడానికి అంతసేపు పట్టదు. బిగించాక రెండోదీ విప్పాడు, దానికేమీ కాకపోయినా. నూనె రాశాడు. షెడ్డు ఊడ్చాడు. చెమట తుడుచుకుంటూ లోపలికి వచ్చి తలుపు మెల్లిగా తోశాడు. పిన్ని ఒత్తిగిలి పడుకుని ఉంది, చెయ్యి ఒకటి దుప్పటి బయటికి చాపుకుని. ఆయన ఆ చెయ్యి పట్టుకున్నాడు. చల్లగా ఉంది. రోజూ ఉన్నట్టే ఉంది. పాపం చలేస్తోంది కాబోలనుకున్నాడు. చేతిని దుప్పటి లోపల పెట్టి, మెడదాకా కప్పి, రిమోటు తీసుకుని చలి కాస్త తగ్గించి, మునివేళ్ల మీద బయటికొచ్చేశాడు. ఇవాళ వేలు పెట్టి లేపలేదు కదా అని లోలోపల సంతోషించాడు కూడా.

అంతలో ఫోను మోగింది. అవతల ఎవరో ఆడమనిషి, పెద్దగా ఏడుస్తోంది. బాబాయ్ ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టుకుని గుమ్మం బయటికి నడిచాడు. "కాస్త మెల్లిగా అమ్మా" అన్నాడు బతిమాలుతున్నట్టు. "మా ఆవిడ ఇప్పుడే పడుకుంది. లేస్తుంది." పెట్టెలు ఇచ్చే ఇంకొకాయన నంబరు చెప్పి పెట్టేశాడు. ఆవిడ నిద్రలేచేసరికి ఇంట్లో ఉందామని ఆవాళ ఆ పని వదులుకున్నాడు. టీ పెట్టాడు. ఇద్దరికీ గ్లాసుల్లో పోసి, ఇవాళ ఎలాగైనా కూర్చుని తాగుదామని గట్టిగా అనుకుని, పళ్లెంలో పెట్టుకుని లోపలికి తీసుకెళ్లాడు.

ఎన్ని ఇళ్లు చూశాడు ఆ మనిషి! గుమ్మంలో కాలు పెట్టగానే, మొహం చూడకుండానే చెప్పగలడు. ఇంకా ఊపిరి ఉందేమోనని ఆశపడి డాక్టర్ని పిలవమనేవాళ్లకి తల అడ్డంగా ఊపి చెప్పవలసి వచ్చింది ఎన్నోసార్లు. చేత్తో తాకితే అసలు పొరపాటు పడడు. అలాంటివాడు తన పెళ్లాం చెయ్యి పట్టుకుని పోల్చుకోలేకపోయాడు. ఆ గది చల్లదనంలో మనిషి చల్లదనం ఆయనకి తెలియలేదు. టీ గ్లాసులు కింద పెట్టాడో పడిపోయాయో ఆయనకి గుర్తు లేదు. ఎదురింటావిడకి మాత్రం ఆయన పెట్టిన కేక ఇప్పటికీ చెవుల్లోనే ఉంది.

వీధి వీధంతా వచ్చింది. కూతురికి ఫోను చేశారు, బయల్దేరుతోంది, చేరేసరికి మర్నాడు అవుతుంది. ఇక పెట్టె మాట ఎత్తడానికి ఒక్కరికీ నోరు రాలేదు. చివరికి ఎదురింటాయన గొంతు సవరించుకుని, "ఏసీ ఉందిగా అన్నయ్యా, చలి బాగా పెంచి పెట్టేస్తే..." అన్నాడు. ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు అడుగుతారు ఈ మాట. బాబాయ్ ప్రతి ఇంట్లోనూ చెప్పేదే చెప్పాడు. "సరిపోదండీ."

ఆయనే లేచి షెడ్డులోకి వెళ్లాడు. ఎవరు చెయ్యి వేయబోయినా వద్దన్నాడు. అద్దం తుడిచాడు, పాత పరుపు తీసి కొత్త దుప్పటి పరిచాడు, పెట్టెని పడక గదిలోకి తోసుకొచ్చాడు. దింపడం, పడుకోబెట్టడం, తల కింద ఎత్తు సర్దడం, అన్నీ వరసగా చేశాడు. ప్లగ్గు చేతిలోకి తీసుకుని అక్కడ ఆగిపోయాడు. పెట్టె తీసుకునే కరెంటుని మామూలు సాకెట్టు తట్టుకోదు. ఆ ఇంట్లో తట్టుకునే సాకెట్టు ఒక్కటే ఉంది, మెకానిక్ ఏసీ కోసం కొత్త వైరు లాగి పెట్టింది. ఏసీ ఇంకా నడుస్తోంది. ఆవిడ కోసమని ఆయన తగ్గించిన చలిలోనే నడుస్తోంది. అందరూ చూస్తుండగా ఆ పెద్ద మనిషి చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. తర్వాత స్టూలు వేసుకుని ఎక్కి, ఏసీ ప్లగ్గు పీకి, పెట్టె ప్లగ్గు పెట్టాడు.

పెట్టె పెట్టాక ఆయన ఎప్పుడూ బయటికి వెళ్లిపోయేవాడు. ఆరోజు వెళ్లలేదు. పక్కనే నేలమీద కూర్చున్నాడు. కంప్రెసర్ ఆగింది, కదల్లేదు. మళ్లీ మోగింది, మళ్లీ ఆగింది. అద్దం మీద అరచెయ్యి పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. గది వేడెక్కిపోయింది, చెమటలు కారిపోతున్నాయి, ఎవరు నీళ్లిచ్చినా పక్కన పెట్టేశాడు. ఇంత తేలికా కూర్చోవడం, ఇంత తేలికైన పనికేనా దానిచేత అన్నిసార్లు అడిగించుకున్నాను, అని ఎదురింటావిడతో అన్నాడు. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది.

కూతురు మర్నాడు వచ్చింది. తల్లి మీద పడి ఏడ్చింది, తండ్రి మెడ చుట్టూ చేతులు వేసి ఏడ్చింది. కాస్త తేరుకున్నాక కళ్లు తుడుచుకుని అడిగింది.

"ఎప్పుడు పోయింది నాన్నా అమ్మ?"

బాబాయ్ అరచేత్తో పెట్టె అద్దం తుడిచాడు.

"ఇంట్లోనే ఉన్నావుగా నువ్వు? బాధపడిందా? ఏ వేళప్పుడు?"

"ఇంట్లోనే ఉన్నానమ్మా" అన్నాడు. "నాకు తెలీలేదు తల్లీ. చలేస్తోందనుకుని దుప్పటి కప్పి వచ్చేశాను."